అమ్మను తీసుకుపొమ్మని మొక్కుకున్నాను.. డైరీ రాస్తుంటే బాధ ఇంకా పెరుగుతోంది, ఆపేయాలా?

ప్రశ్న: నా వయసు 43. మాది హన్మకొండ. పక్షవాతంతో మంచం పట్టిన అమ్మను మూడేళ్లు మా ఇంట్లోనే పెట్టుకుని చూసుకున్నాను. హైదరాబాద్‌లో ఉండే అన్న నెలనెలా డబ్బులు పంపేవాడు కానీ, పండుగకో పబ్బానికో తప్ప వచ్చేవాడు కాదు. ఒక రాత్రి మూడోసారి పక్కబట్టలు మార్చాక ‘దేవుడా, ఇక ఈమెను తీసుకుపో’ అని మొక్కుకున్నాను. పది రోజులకు అమ్మ పోయింది. ఇప్పటికి ఎనిమిది నెలలు. నా మొక్కు వల్లే పోయిందనిపిస్తోంది. పైగా ఆమె పోయిన రోజు నాకు ప్రాణం తేలికపడినట్టయింది. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం. ధ్యానం క్లాసులో మనసులోది డైరీలో రాయమన్నారు, అందరినీ క్షమించేయమన్నారు. రోజూ పడుకునే ముందు రాస్తున్నాను. రాసినకొద్దీ ఏడుపొస్తోంది, నిద్ర పట్టడం లేదు. అప్పుడప్పుడు మెడికల్ షాపులో తెచ్చుకున్న నిద్రమాత్ర వేసుకుంటున్నాను. నాలుగు కిలోలు తగ్గాను. భద్రకాళి గుడికి వెళ్లినా అమ్మవారి ముఖంలోకి చూడలేకపోతున్నాను. డైరీ పిల్లల కంట పడుతుందేమోనని మరో టెన్షన్. రాయడం ఆపేయాలా? ఇది డిప్రెషనా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ముందుగా ఒక మాట. మీ మొక్కు వల్ల మీ అమ్మ చనిపోలేదు. పక్షవాతంతో ఏళ్ల తరబడి మంచంలో ఉన్నవాళ్లకు మింగడం కష్టమై, తిన్నదో తాగిందో ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకుతుంది. వీపున పుండ్లు పడి చీము పడుతుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరుతుంది. మళ్లీ స్ట్రోక్ రావచ్చు. మీ అమ్మగారి ప్రాణం తీసింది ఏదో మీరు రాయలేదు కానీ, అది ఇలాంటి జబ్బే అయి ఉంటుంది. అలసిపోయిన కూతురు మనసులో అనుకున్న మాట ఎవరి ప్రాణమూ తీయదు. అలాంటి మనిషి మూడేళ్లు బతికారంటే, ఎవరో ఒకరు వేళకు పక్కకు తిప్పారు, ఒళ్లు తుడిచారు, మెత్తగా కలిపి చెంచాతో తినిపించారు. ఆ మనిషి మీరే.

ప్రాణం తేలికపడటం గురించి. దీర్ఘకాలం మంచంలో ఉన్నవాళ్లకు సేవ చేసిన చాలామందిలో దుఃఖం, ఊరట రెండూ ఒకేసారి వస్తాయి. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తారు, తలుపు వైపు చూస్తారు. ఊరట కలిగినంత మాత్రాన ప్రేమ లేనట్టు కాదు. మూడేళ్లుగా సగం మేలుకునే పడుకున్న శరీరం, ఇక అర్ధరాత్రి పిలుపు ఉండదని తెలిశాక బిగువు వదులుకుంటుంది. మీరు వద్దన్నా అది ఆగదు.

ఇక డైరీ సంగతి. ఆపేయమని చెప్పను. రాసే వేళ, రాసే తీరు మార్చమంటాను.

రాయడం వల్ల మనసుకు మేలు జరుగుతుందా అన్నదాని మీద పరిశోధనలు చాలానే జరిగాయి. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే సైకాలజిస్టు తన సహచరురాలితో కలిసి 1986లో ప్రచురించిన అధ్యయనం వీటిలో తొలినాళ్లది. కాలేజీ విద్యార్థులను వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు తమ జీవితంలోని బాధాకరమైన అనుభవం గురించి రాయమన్నారు. జరిగింది, దానివల్ల కలిగిన బాధ రెండూ రాసినవాళ్లకు రాసిన వెంటనే దిగులు పెరిగింది. ఆ తర్వాతి నెలల్లో మాత్రం వాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లడం తగ్గింది. అంటే రాస్తుంటే ఏడుపు రావడం మీ ఒక్కరికే కాదు, అది అనుకున్నదే. తర్వాత వచ్చిన ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే లాభం ఉంది, కానీ సగటున చిన్నదే, అందరికీ ఒకేలా లేదు. డైరీ రాస్తే అన్నీ పోతాయని ఎవరైనా అంటే నమ్మకండి.

మీ విషయంలో తేడా ఎక్కడ వస్తోందంటే, అధ్యయనాల్లో రాసింది కొద్ది రోజులు, కొద్ది నిమిషాలు. మీరు రోజూ, అదీ పడుకునే ముందు, అదే రాత్రిని మళ్లీ మళ్లీ రాస్తున్నట్టుంది. నిన్నటి పేజీ, ఇవాళ్టి పేజీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ ‘నేను పాపిని, నేనే చంపుకున్నా’ అనే వాక్యమే ఉంటే, మీరు ఆ బాధ చుట్టూ గానుగెద్దులా తిరుగుతున్నారన్నమాట. ఇలా ఒకే ఆలోచనలో తిరగడం దిగులును పెంచుతుందే తప్ప తగ్గించదు. రాత వల్ల మేలు పొందినవాళ్ల కాగితాలు పరిశీలిస్తే, రోజులు గడిచేకొద్దీ ‘ఎందుకంటే’, ‘ఇప్పుడు అర్థమవుతోంది’ లాంటి మాటలు పెరగడం కనిపించింది. అదే సంఘటనను నిన్న చూసిన చోటు నుంచి కాక మరో చోటు నుంచి చూడగలిగారు.

మీరు ఇలా చేసి చూడండి. పిల్లలు బడికి, కాలేజీకి వెళ్లాక, పగటిపూట, గడియారం పెట్టుకుని 15 నిమిషాలు. వరుసగా నాలుగు రోజులు రాసి, కొన్ని రోజులు ఆపేయండి. ఆ రాత్రి గురించే రాయండి, కానీ మొక్కుకున్న ఒక్క మాట కాకుండా మొత్తం రాత్రిని రాయండి. అప్పుడు టైమెంత? అంతకుముందు మీరు ఎప్పుడు పడుకున్నారు? ఆ రోజు తిన్నారా? అమ్మ ఏమంటోంది, మూలుగుతోందా, సిగ్గుపడి ముఖం తిప్పుకుందా? మొక్కుకున్న తర్వాత ఏం చేశారు? బహుశా తడిసిన దుప్పటి బకెట్‌లో పడేసి, వేడినీళ్లతో నడుము తుడిచి, పౌడర్ అద్ది, పక్కకు తిప్పి వీపు వెనుక దిండు పెట్టి ఉంటారు. తెల్లారి మళ్లీ జావ కాచి ఉంటారు. ఆ తర్వాతి పది రోజులూ ఇదే చేసి ఉంటారు. మీ డైరీలో ఈ భాగం ఉందా? లేదనే నా అనుమానం.

‘నేను’ అని రాయడం మరీ భారమైతే వేరే ఎవరి గురించో రాస్తున్నట్టు రాయండి: ‘హన్మకొండలో ఒకామె, ఆ రాత్రి మూడోసారి లేచింది..’ అని. కొంచెం ఎడంగా నిలబడి చూస్తే అదే ఆలోచనలో తిరగడం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. పక్కింటామె ఇదే కథ చెబితే ఆమెను మీరు హంతకురాలు అంటారా?

రాసేటప్పుడు పుస్తకాల భాష వద్దు. మీ అమ్మతో మాట్లాడిన భాషలోనే రాయండి. ‘బాధగా ఉంది’ అని ఊరుకుంటే అందులో ఏముందో తెలియదు. యాష్టకొచ్చిందా? రంది పట్టుకుందా? బుగులా? అన్న మీద కోపమా, అమ్మ మీద కూడానా? మంచంలో ఉన్న మనిషి మీద కోపం వచ్చిందని ఒప్పుకోవడం చాలా కష్టం. కానీ సేవ చేసేవాళ్లకు అదీ వస్తుంది. మనసులోని దాన్ని సరిగ్గా దాని పేరు పెట్టి పిలిచినప్పుడు మెదడులో భయానికి, ఆందోళనకు స్పందించే అమిగ్డలా అనే భాగం కొంత శాంతిస్తుందని స్కానింగ్ అధ్యయనాల్లో కనిపించింది. ఇంట్లో పెద్దవాళ్లు ‘మనాది పెట్టుకోకు బిడ్డా’ అనేటప్పుడు వాడే మాటలు ఇందుకు బాగా పనికొస్తాయి.

15 నిమిషాలు కాగానే లేచి చేతులకు పని చెప్పండి. గిన్నెలు తోమండి, చిక్కుడుకాయలు ఒలవండి, భద్రకాళి బండ్ మీద ఒక చుట్టు నడిచి రండి. గంటా రెండు గంటల్లో మనసు సర్దుకుంటే పర్వాలేదు. మర్నాటికీ బరువు దిగకపోతే, రోజురోజుకీ ఎక్కువవుతుంటే ఆపేయండి. ఫలానా విషయం రాస్తే తట్టుకోలేనని ముందే అనిపిస్తే దాన్ని ముట్టుకోవద్దు, అది డాక్టర్ ఎదుట కూర్చుని మాట్లాడాల్సిన విషయం. రాత్రి కలం పట్టాలనిపిస్తే రేపటి పనుల జాబితా మాత్రమే రాయండి. 2018లో అమెరికాలో చేసిన ఒక అధ్యయనంలో, పడుకునే ముందు ఐదు నిమిషాలు మర్నాటి పనులు రాసుకున్నవాళ్లకు, అయిపోయిన పనులు రాసుకున్నవాళ్లకన్నా త్వరగా నిద్ర పట్టింది.

పిల్లలు చదువుతారన్న భయం పెట్టుకుని రాస్తే నిజం కాగితం మీదికి రాదు. పుస్తకంలో వద్దు, విడి కాగితాల మీద రాసి చింపేయండి. మేలు రాయడంలోనే ఉంది, దాచుకోవాల్సిన అవసరం లేదు. ఫోన్లో రాస్తే లాక్ పెట్టుకోండి. అన్నకు చెప్పాలనుకున్నదంతా ఉత్తరంలా రాయండి. కానీ పంపొద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. కోపంలో రాసింది పంపితే అన్నావదినలతో గొడవ మొదలవుతుంది, మీ బాధ అలాగే ఉండిపోతుంది. ఆయనతో మాట్లాడాల్సింది ఏదైనా ఉంటే, రాత పూర్తయ్యాక తాపీగా తేల్చుకోవచ్చు.

క్షమించేయమన్న సలహాతో నేను ఏకీభవించలేను. చెప్పినవాళ్లు మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు. కానీ కోపాన్ని పూర్తిగా చూడకముందే దాని మీద క్షమ అనే దుప్పటి కప్పితే అది లోపలే రగులుతుంది, చివరికి మీ మీదికే తిరుగుతుంది. ఇప్పుడు జరుగుతున్నది అదే. క్షమించడం ఎప్పుడో సాధ్యపడితే సంతోషం. ఇప్పుడే క్షమించలేకపోవడం తప్పు కాదు, మీ సాధనలో లోపమూ కాదు. కళ్లు మూసుకుని ధ్యానంలో కూర్చుంటే ఆ రాత్రే కళ్ల ముందుకు వస్తోందంటే కొన్నాళ్లు మానేయండి. దీపం చూస్తూ కూర్చోండి, నడుస్తూ నామం అనుకోండి, భజనకు వెళ్లండి. గొంతు కలిపి పాడటం ఒంటరిగా కూర్చోవడం కన్నా ఇప్పుడు మీకు మంచిది.

అమ్మవారి ముఖం చూడలేకపోతున్నానన్నారు. దేవుడు తమను శిక్షిస్తున్నాడని, వదిలేశాడని నమ్మే రోగుల్లో దిగులు ఎక్కువగా ఉంటుందని, ఆసరాగా ఉన్నాడనుకునేవాళ్లు కష్టాన్ని మెరుగ్గా తట్టుకుంటారని పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి ఈ విషయం వైద్యుడిగా నాకూ ముఖ్యమే. మన బమ్మెర పోతన గజేంద్రుణ్ణి తీసుకోండి. మొసలి పట్టులో ఉండి ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అని దేవుణ్ణే శంకించాడు. ‘లావొక్కింతయు లేదు’ అని శక్తి ఉడిగిన సంగతి చెప్పుకున్నది ఆ తర్వాతే. శంక, నిస్సహాయత రెండూ ప్రార్థనలోకే వచ్చాయి. మీరూ ఆ రాత్రి శక్తి ఉడిగే మొక్కుకున్నారు. అందులో కోరుకున్నది అమ్మ చావునా, ఆమె యాతన తీరడాన్నా, మీ యాతన తీరడాన్నా? మూడూ కలిసి ఉండవచ్చు. గుడికి వెళ్లినప్పుడు ‘తప్పు చేశాను’ అని తల దించుకునే బదులు, ఆ రాత్రి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పుకోండి. పగలు రాసిన 15 నిమిషాల కాగితం ఇందుకు సాయపడుతుంది. మనసును పరిశీలించుకోవడమంటే మీ మీద మీరే తీర్పు చెప్పుకోవడం కాదు.

ఇది డిప్రెషనా అంటే, ఉత్తరం చదివి చెప్పలేను. కానీ నిద్ర లేకపోవడం, నాలుగు కిలోలు తగ్గడం, మీ మీద మీకే అసహ్యం.. వీటికి డైరీ ఒక్కటే సరిపోదు. రెండు వారాలకు మించి రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉన్నా, దేని మీదా ఆసక్తి లేకపోయినా డిప్రెషన్ ఉందేమో చూడాలి. దుఃఖం తగ్గకుండా, రోజువారీ పనులు కూడా చేసుకోలేనంతగా సాగే సమస్య వేరే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది కనీసం 6 నెలలు, అమెరికా వైద్యుల లెక్కలో పెద్దవాళ్లకు 12 నెలలు దాటాక పరిగణించాల్సిన విషయం. ఆయా సమాజాల ఆచారాలనూ లెక్కలోకి తీసుకోవాలి. మన దగ్గర సంవత్సరీకం దాకా ఏడవడం ఎవరికీ వింత కాదు కాబట్టి, ఎనిమిది నెలలకే ఆ పేరు పెట్టాలని నేను తొందరపడను. సంవత్సరీకం దగ్గర పడేకొద్దీ బాధ మళ్లీ ఎగసిపడటం మామూలే. అన్న కూడా ఎదురుపడతారు. అందుకని అప్పటిదాకా ఆగకుండా ఈ వారంలోనే సైకియాట్రిస్టును కలవండి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలోనూ మానసిక వైద్య విభాగం ఉంది. బరువు తగ్గినందుకు థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించాలి. 43 ఏళ్ల వయసులో నెలసరి మార్పుల వల్ల కూడా నిద్ర చెడుతుంది, అదీ చెప్పండి.

నిద్రమాత్రలు సొంతంగా వాడకండి. ఆల్ప్రజోలం లాంటివి అలవాటైపోతాయి, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు కూడా. ఒకవేళ చాలా రోజులుగా రోజూ వేసుకుంటుంటే ఒక్కసారిగా మానేయొద్దు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

‘నేను కూడా అమ్మ దగ్గరికి పోతే బాగుండు’ అనే ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. మీ ఆయనకో, నమ్మకమైన మనిషికో అప్పుడే చెప్పండి. టెలి మానస్ నంబర్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే నేరుగా ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రల షీటు, అమ్మ పోయినప్పటి నుంచి నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయో రాసుకున్న చిన్న కాగితం పట్టుకెళ్లండి. డైరీ ఎవరికీ చూపించనక్కర్లేదు. మొక్కు సంగతి మాత్రం డాక్టర్‌కు తప్పక చెప్పండి, ఊరట సంగతి కూడా.

– సైకియాట్రిస్ట్, హన్మకొండ