ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ చేయాలా, ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేయాలా?

గాజువాకలో ఉంటూ బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి ఏడాది చదువుతున్నానని, తర్వాత ఈ రెండింట్లో ఏది తీసుకుంటే మేలని అడిగారు. గాలిలో, నీళ్లలో ఏముందో కొలిచే పని మీద మనసుంటే ఎమ్మెస్సీ. ఆ గాలి పీల్చినవాళ్లలో, ఆ నీళ్లు తాగినవాళ్లలో ఎంతమందికి ఏ జబ్బు వస్తోందో లెక్కగట్టే పని మీద మనసుంటే ఎంపీహెచ్. రెండూ రెండేళ్లవే. ఎమ్మెస్సీ మన ఆంధ్రా యూనివర్సిటీలోనే ఉంది. ఎంపీహెచ్‌కి చాలాచోట్ల ఏ డిగ్రీ అయినా సరిపోతుంది గానీ, కొన్ని సంస్థలు వైద్యం, దాని అనుబంధ కోర్సులు చదివినవాళ్లనే తీసుకుంటాయి. నోటిఫికేషన్‌లో అర్హతల పేజీ చూడకుండా ఫీజు కట్టకండి.

కాలేజీ పేరు కన్నా సిలబస్ చూసి ఎంచుకోండి. బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు), ఎపిడెమియాలజీ (జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తున్నాయో చూసే శాస్త్రం) విడివిడి పేపర్లుగా ఉన్నాయా? శాంపిళ్లు మీ చేతే తీయిస్తారా, ఎవరో తెచ్చిపెట్టిన సీసా మీద టైట్రేషన్ చేయించి రికార్డు రాయిస్తారా? రెండో రకం చోట పట్టా వస్తుంది, పని రాదు.

పని అని ఎందుకంటున్నానో గాలి ఉదాహరణతో చెప్తాను. పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న దుమ్ము కణాలు. వాటిని ఫిల్టర్ మీద పట్టే యంత్రం, శాంప్లర్, నిమిషానికి 16.7 లీటర్ల గాలి లాగుతుంది. 24 గంటలకు సుమారు 24 ఘనపు మీటర్లు. మన జాతీయ ప్రమాణం ఏడాది సగటున ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. గాలి సరిగ్గా ఆ స్థాయిలో ఉందనుకుంటే రోజంతా నడిచినా ఫిల్టర్ మీద పడే దుమ్ము ఒక్క మిల్లీగ్రాము కూడా ఉండదు. ఇక విశాఖ ఉక్కపోత సంగతి తెలిసిందే. ఫిల్టర్ 0.1 మిల్లీగ్రాము తేమ పీల్చినా ఫలితం 4 మైక్రోగ్రాములు ఎక్కువ చూపిస్తుంది. అందుకే తూచే ముందు, వాడాక మళ్లీ తూచే ముందు, రెండుసార్లూ ఫిల్టర్‌ని తేమ, ఉష్ణోగ్రత అదుపులో ఉన్న గదిలో 24 గంటలు ఉంచాలి. ఒకసారి ఉంచి రెండోసారి ఉంచకపోతే ఆ తేడా అంతా కాలుష్యం ఖాతాలో పడుతుంది. చవక సెన్సర్లతోనూ ఇదే తంటా: గాలిలో తేమ పెరిగేకొద్దీ అవి దుమ్మును ఎక్కువ చేసి చూపిస్తాయి.

ఇంకో చిక్కు ఉప్పు. తీరానికి దగ్గరగా తీసిన పీఎం 10లో (10 మైక్రాన్ల వరకు ఉండే దుమ్ములో) సముద్రపు ఉప్పు కూడా ఉంటుంది. సోడియం, క్లోరైడ్ కొలవకుండా మొత్తం బరువును పోర్టు బొగ్గు మీద రుద్దేస్తే వైవాలో నిలబడలేరు. పగలు సముద్రం నుంచి, రాత్రి నేల మీంచి గాలి వీచే ఊరు కాబట్టి గంట గంటకీ గాలి దిశ రాసి పెట్టుకోవాలి. రోజు సగటు దిశకు ఇక్కడ అర్థం లేదు.

నీళ్ల విషయంలో మైక్రోబయాలజీ వాళ్లకి చెప్పాల్సింది తక్కువే. స్టెరిలైజ్ చేసిన సీసాలో సోడియం థయోసల్ఫేట్ ముందే ఉండాలి. లేకపోతే కుళాయి నీటిలోని క్లోరిన్ ల్యాబుకి చేరేలోపు సీసాలోనే బ్యాక్టీరియాను చంపేస్తుంది, చెడ్డ నీళ్లు మంచివని తేలతాయి. రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలి పట్టండి. ఐసులో పెట్టి, వీలైతే 6 గంటల్లో, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు పరీక్షకు పెట్టండి. 100 మిల్లీలీటర్లలో ఈ.కోలి (నీళ్లలో మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) ఒక్కటి కూడా కనిపించకూడదన్నది ప్రమాణం.

ఎంపీహెచ్ వైపు అసలు కష్టం హారంలో, అంటే ఎంతమందిలో అన్న లెక్కలో, ఉంది. కేజీహెచ్ (విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి) ఓపీ రిజిస్టర్లు చూసి 'గాజువాకలో ఆస్తమా పెరిగింది' అని రాసేస్తుంటారు. అక్కడికి శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి కూడా రోగులు వస్తారు. గాజువాక వాళ్లలో చాలామంది ప్రైవేటుకి పోతారు. ఎంతమంది జనాభాలోంచి ఆ రోగులు వచ్చారో తెలియనప్పుడు ఆ అంకెతో రేటు కట్టలేం. ప్రశ్నావళి కూడా మన తీరానికి తగ్గట్టు ఉండాలి. మత్స్యకారుల పేటల్లో దగ్గు గురించి అడుగుతూ చుట్ట, అందులోనూ ఆడవాళ్ల అడ్డపొగ (చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం), కట్టెల పొయ్యి గురించి అడగకపోతే ఆ సర్వేకి విలువ లేదు.

శాంపిల్ సైజులో, అంటే సర్వేలో ఎంతమందిని అడగాలన్న లెక్కలో, అందరూ 384 వేసేస్తారు. అది జబ్బు 50 శాతం మందిలో ఉందనుకుని, 5 శాతం అటూ ఇటూ పొరపాటుకు ఒప్పుకుంటే వచ్చే అంకె. జబ్బు 5 శాతం మందిలోనే ఉంటే అదే 5 శాతం పొరపాటుతో సూత్రం 73 చాలంటుంది. అంటే సున్నాకీ పదికీ మధ్య ఎక్కడో ఉందని చెప్పడానికి 73 ఇళ్లు తిరుగుతారన్నమాట! పొరపాటు 1 శాతానికి తగ్గిస్తే 1,825 మంది కావాలి. ఒంటరిగా చేసే ప్రాజెక్టుకి అది మోయలేని బరువు. అలాంటప్పుడు అంశాన్నే మార్చుకోవాలి, సూత్రాన్ని కాదు.

రెండు చదువులూ ఎక్కడ కలుస్తాయో చూడాలంటే 2020 మే 7న విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి జరిగిన స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) లీకు తీసుకోండి. స్టైరీన్ ఒంట్లో మాండలిక్ ఆమ్లంగా మారి మూత్రంలో పోతుంది, కొద్ది రోజులు దాటితే జాడ దొరకదు. ఎవరు ఎంత పీల్చారో తెలియాలంటే శాంపిళ్లు వెంటనే తీయాలి, ఎవరి ఇల్లు ట్యాంకుకు ఎంత దూరమో, ఆ రాత్రి గాలి ఎటు వీచిందో పక్కనే నమోదు కావాలి.

ఒక హెచ్చరిక: మనుషుల నుంచి సమాచారం తీసుకునే ప్రాజెక్టుకి ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే ఉండాలి, తర్వాత తెచ్చుకుంటే చెల్లదు. మూడో సెమిస్టర్‌లోనే దరఖాస్తు పెట్టండి.

ఉద్యోగాల మాటకొస్తే, ఎమ్మెస్సీ వాళ్లకి ఇక్కడ దారి దగ్గర. పరవాడ, అచ్యుతాపురం ఫార్మా కంపెనీల ఈహెచ్ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత) విభాగాలు, నీటి, గాలి పరీక్షల ల్యాబులు ఉన్నాయి. ఎంబీబీఎస్, బీడీఎస్ లాంటిది లేకుండా ఎంపీహెచ్ ఒక్కటే ఉన్నవాళ్లు ఎక్కువగా కాంట్రాక్టు ప్రాజెక్టుల్లో కుదురుకుంటారు, ఊళ్లు మారడానికి సిద్ధపడాలి. ఇల్లు వదలడం కుదరదంటే ఎమ్మెస్సీలో చేరి, గణాంకాల లెక్కలు చేసే ఆర్ సాఫ్ట్‌వేర్ సొంతంగా నేర్చుకోండి. అది ఉచితమే.