బైపాస్ మంజూరైంది సరే, ఊళ్లో రద్దీ నిజంగా తగ్గుతుందా?

"మా ప్రాంతంలో రద్దీ తగ్గించడానికి కొత్త బైపాస్‌కు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఇక మా కష్టాలు తీరినట్టేనా?" అని అడిగారు. కొంత తీరుతాయండి. ఎంత మేరకు అన్నది మాత్రం ఒక్క లెక్క మీద ఆధారపడి ఉంటుంది: ఇప్పుడు మీ ఊరి మీదుగా పోతున్న బండ్లలో ఎన్నింటికి మీ ఊళ్లో అసలు పనే లేదు?

చదువైన కొత్తలో నేను ఈ లెక్క తీసే సర్వేలోనే పనిచేశాను. ఊరికి రెండు కొసలా పోలీసుల సాయంతో బండ్లను ఆపి, ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎక్కడికి వెళ్తున్నారు, ఏం పని మీద అని అడిగి రాసుకునేవాళ్లం. ఆపడం కుదరని చోట నంబర్ ప్లేటూ టైమూ రాసుకునేవాళ్లం. అదే నంబరు కాసేపటికి అవతలి కొసన కనిపిస్తే ఆ బండి ఊరు దాటిపోయినట్టు, లేకపోతే ఊళ్లోనే ఆగినట్టు.

మొదలుపెట్టే ముందు ఎవరిని అడిగినా "అంతా లారీల వల్లేనండీ" అనేవారు. నేనూ అదే అనుకున్నాను. లారీ కంటికి పెద్దగా ఆనుతుంది, లెక్కల్లోనూ దాన్ని రెండు మూడు కార్ల కింద కడతారు. కానీ కాగితాలు పేర్చి చూస్తే, పొద్దున్నా సాయంత్రం రోడ్డు కదలకుండా చేస్తున్నది ఎక్కువగా ఊళ్లోకి వచ్చే బండ్లే. బడికి, ఆసుపత్రికి, ఆఫీసుకి, మార్కెట్‌కి వచ్చేవి. ఊళ్లో పని ఉన్న బండిని ఊరి చుట్టూ తిప్పి పంపలేం కదా! రాత్రి కాగితాలు మాత్రం పూర్తిగా వేరే కథ చెప్పాయి. చీకటి పడ్డాక వచ్చినవి దాదాపు అన్నీ దాటిపోయేవే.

బైపాస్ తెరిచాక సరిగ్గా అలాగే జరిగింది. రోడ్డు పక్క ఇళ్లవాళ్లకు ఏళ్ల తర్వాత కంటినిండా నిద్ర దొరికింది. ముసలివాళ్లు ఒకరి చెయ్యి పట్టుకోకుండానే రోడ్డు దాటడం చూశాను. ఒక్క ఆ దృశ్యం కోసమైనా బైపాస్ కావాలనే అంటాను. కానీ పొద్దున్న తొమ్మిదింటి జామ్ పూర్తిగా పోలేదు.

తర్వాత మూడేళ్లలో జరిగింది నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఖాళీ అయిన పాత రోడ్డును అలాగే వదిలేశారు. ఫుట్‌పాత్ వెయ్యలేదు, పార్కింగ్‌కు హద్దులు గియ్యలేదు. రోడ్డు ఖాళీగా ఉందని, అంతవరకు నడిచివెళ్లేవాళ్లు కూడా బండి తీశారు. చూస్తూండగానే మళ్లీ నిండిపోయింది. ఇది కొత్త విషయమేమీ కాదు. ట్రంక్ రోడ్లపై, అంటే ప్రధాన రహదారులపై, బ్రిటన్ ప్రభుత్వానికి సలహా ఇచ్చే సంఘం 1994లోనే, కొత్త రోడ్లు కొత్త ప్రయాణాలను పుట్టించగలవని తేల్చింది. అమెరికా నగరాల లెక్కలు తీసిన డ్యురాంటన్, టర్నర్ అనే ఆర్థికవేత్తలైతే 2011లో ఇంకా గట్టిగా చెప్పారు: హైవే లేన్లు ఎంత పెరిగితే బండ్లు తిరిగే దూరమూ దాదాపు అంతే పెరుగుతోందని. లండన్ చుట్టూ వేసిన ఎం25 రోడ్డు 1986లో పూర్తయింది. ఆ తర్వాత దాన్నీ వెడల్పు చెయ్యక తప్పలేదు.

బైపాస్ వైపు ఇంకో ముప్పు ఉంది. దాని అంచునే కట్టడాలు లేస్తాయి. ప్రతి కట్టడానికీ నేరుగా రోడ్డు మీదకే దారి ఇస్తే, మలుపు తిరిగే బండ్లు, అడ్డంగా దాటే మనుషులు, చివరికి స్పీడ్ బ్రేకర్లు. బైపాస్ కాస్తా ఇంకో బజారు వీధి అయిపోతుంది. సర్వీస్ రోడ్లూ, పరిమితమైన ప్రవేశాలూ మొదటి డ్రాయింగ్‌లోనే ఉండాలి. తర్వాత పెట్టడం చాలా కష్టం.

ఇక అనుమతి అన్న మాట. అది ఏ అనుమతో ముందు కనుక్కోండి. డబ్బు మంజూరా, అలైన్‌మెంట్ (రోడ్డు ఏ భూముల మీదుగా పోవాలన్న గీత) ఖరారా, పర్యావరణ అనుమతా, టెండరా? వీటన్నిటి మధ్యా ఏళ్లు గడుస్తాయి. ఆ ఏళ్లన్నీ అలైన్‌మెంట్‌లో భూమి పోయేవాళ్లు అమ్మలేరు, కట్టలేరు, పైరు మీద పెట్టుబడి పెట్టడానికీ జంకుతారు. రద్దీ తగ్గాలని కోరుకునే మనం వాళ్ల తరఫునా మాట్లాడాలి.

ప్రజాభిప్రాయ సేకరణ పెడితే తప్పకుండా వెళ్లండి. దాటిపోయే బండ్ల శాతం ఎంత తేలిందో అడగండి. బైపాస్ మళ్లీ పాత రోడ్డులో కలిసే చోట జంక్షన్ ఎలా కడతారో అడగండి, ఎందుకంటే చాలాసార్లు జామ్ ఊళ్లోంచి అక్కడికి మారుతుంది. కట్ట ఎత్తుగా వేస్తే వాన నీళ్లు ఎటు పోతాయో, ఎన్ని కల్వర్టులు పెడుతున్నారో కూడా. అన్నిటికన్నా ముఖ్యంగా, బైపాస్ తెరిచిన రోజు నుంచి పాత రోడ్డును ఏం చేస్తారో రాతపూర్వకంగా అడగండి. మా దగ్గర ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు, సర్వే చేసిన నేను కూడా.