లోక్ అదాలత్‌లో అప్పు తేలిపోయింది, మరి హోమ్ లోన్ ఎందుకు రాదంటున్నారు?

ప్రశ్న: మధ్యలో ఉద్యోగం పోవడంతో పర్సనల్ లోన్ కట్టలేకపోయాను. బ్యాంకు కేసు వేసింది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరి, రూ.6 లక్షల బాకీకి రూ.3.60 లక్షలు 12 వాయిదాల్లో కట్టాలని రాసుకున్నాం. రెండు వాయిదాలు నాలుగైదు రోజులు ఆలస్యమైనా మొత్తం కట్టేశాను. పోయిన నెలతో అయిపోయింది. ఇప్పుడు మంచి ఉద్యోగం ఉంది. ఒక ఫ్లాట్ చూసుకున్నాం, యజమాని రూ.5 లక్షలు అడ్వాన్స్ అడుగుతున్నాడు. హోమ్ లోన్‌కు వేరే బ్యాంకుకు వెళితే ‘మీ సిబిల్‌లో (అప్పుల చరిత్ర రిపోర్టులో) సెటిల్డ్ అని ఉంది, కష్టం’ అన్నారు. కోర్టులో తేలిపోయిన అప్పును చూపించి లోన్ కాదనవచ్చా? అడ్వాన్స్ ఇచ్చేయమంటారా?

జవాబు: ముందు అడ్వాన్స్ సంగతి చెబుతాను, ఎందుకంటే చేతిలో ఉన్న డబ్బు పోయే ప్రమాదం అక్కడే ఉంది. ఇప్పుడు ఇవ్వకండి. అగ్రిమెంట్ రాసుకున్నాక మీకు లోన్ రాక గడువులోగా రిజిస్ట్రేషన్ చేయించుకోలేకపోతే, తప్పు కొనేవాడిదే అవుతుంది. బయానాగా ఇచ్చిన డబ్బు జప్తు చేసుకుంటామని అగ్రిమెంట్‌లో ఉంటే దాన్ని వెనక్కి రాబట్టడం చాలా కష్టం. ‘లోన్ రాలేదు, నేనేం చేయను’ అనే మాట ఒక్కటే కోర్టులో నిలబడదు. ఆ ఫ్లాట్ మీద అంత మనసుంటే చిన్న మొత్తం ఇచ్చి, అగ్రిమెంట్‌లో ఈ వాక్యం రాయించండి: ‘కొనుగోలుదారుకు ఫలానా తేదీలోగా హోమ్ లోన్ మంజూరు కాని పక్షంలో, అడ్వాన్స్ మొత్తాన్ని ఏ కోతా లేకుండా 15 రోజుల్లో తిరిగి ఇవ్వాలి.’ యజమాని దీనికి ఒప్పుకోకపోతే ఆగిపోండి.

ఇక అసలు ప్రశ్న. న్యాయసేవాధికార సంస్థల చట్టం, 1987లోని సెక్షన్ 21 ప్రకారం లోక్ అదాలత్ అవార్డు, అంటే అక్కడ రాజీ మీద ఇచ్చే ఉత్తర్వు, సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం. దానిపై అప్పీలు లేదు. కాబట్టి షరతుల ప్రకారం మీరు కట్టేశాక, వదిలేసిన రూ.2.40 లక్షల కోసం ఆ బ్యాంకు మళ్లీ మీ మీదకు రాలేదు. కానీ అవార్డు పాత బాకీ వరకే. కొత్త లోన్ ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టం, ఫలానా వారికి ఇచ్చి తీరాలని అడిగే హక్కు మనకు లేదు. మీకిది అన్యాయంగా అనిపిస్తుందని తెలుసు. కష్టకాలంలో కూడా ఏడాది పాటు వాయిదాలు కట్టుకొచ్చిన మనిషికి ‘సెటిల్డ్’ అనే ముద్ర బాధే. అయినా ఆ మాటకు అర్థం ‘పూర్తిగా కట్టలేదు, కొంత వదిలేశాం’ అని. రాసింది తప్పు కాదు కాబట్టి, దాన్ని తీసేయమని కేసు వేసినా లాభం ఉండదు.

పైగా 2023 జూన్ 8 నాటి రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్‌తో ఇంకో నియమం వచ్చింది. రాజీ సెటిల్‌మెంట్ చేసుకున్నవారికి, వ్యవసాయ రుణాలు కాకపోతే, కనీసం 12 నెలల వరకు కొత్త అప్పు ఇవ్వకూడదు. బ్యాంకు బోర్డు ఆ గడువును ఇంకా పెంచుకోవచ్చు. మీది అయిపోయి నెలే అయింది. ఈ లోపు నాలుగు బ్యాంకులు తిరిగితే ప్రతి అప్లికేషన్ మీ రిపోర్టులో ఎంక్వైరీగా నమోదై స్కోరు ఇంకా తగ్గుతుంది తప్ప పని జరగదు.

ఈ ఏడాదిలో చేయాల్సింది కాగితాలు సరిచేసుకోవడం. నాకు టెన్షన్ కలిగించింది మీ ప్రశ్నలోని ఆ ‘నాలుగైదు రోజుల ఆలస్యం’. ‘ఒక్క వాయిదా తప్పినా రాయితీ రద్దు, మొత్తం బాకీ చెల్లించాలి’ అని ఇలాంటి అవార్డుల్లో తరచూ రాస్తారు. అవార్డు సర్టిఫైడ్ కాపీ తీసుకుని ఆ షరతు ఉందేమో చూడండి. ఉన్నా లేకున్నా, బ్యాంకు లెటర్‌హెడ్ మీద నో డ్యూస్ సర్టిఫికెట్ (బాకీ లేదనే పత్రం) అడగండి. అందులో మీ లోన్ అకౌంట్ నంబరు, కేసు నంబరు, ‘అవార్డు ప్రకారం రావాల్సిన మొత్తం అందింది, ఇక ఏ బాకీ లేదు’ అన్న మాట ఉండాలి. అర్జీ ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. మేనేజర్ నోటిమాట రేపు ఆయన బదిలీతోనే పోతుంది. నా దగ్గరకు వచ్చిన ఒకాయన కట్టిన రసీదులన్నీ దాచుకున్నాడు గానీ ఈ ఒక్క లెటర్ తీసుకోలేదు. బ్యాంకు ఆ ఖాతాను ఇంకో సంస్థకు అమ్మేసింది, మూడేళ్ల తర్వాత వాళ్లు పూర్తి బాకీకి నోటీసు పంపారు. రసీదులతో ఆయనే గెలిచాడు, కానీ ఆ తిరుగుడంతా తప్పేది.

లెటర్ చేతికి వచ్చాక మీ క్రెడిట్ రిపోర్టు తీయండి. అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థలు సిబిల్, ఈక్విఫ్యాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హై మార్క్ నాలుగూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అన్నీ చూడండి. ‘సెటిల్డ్’ అని ఉండటం వేరు, ‘రిటెన్ ఆఫ్’ (వసూలు కాదని బ్యాంకు లెక్కల్లోంచి తీసేసింది) అని ఉండి కరెంట్ బ్యాలెన్స్ గడిలో రూ.2.40 లక్షలు ఇంకా కనిపించడం వేరు. రెండోది తప్పు సమాచారం, దాన్ని సరిచేయించుకోవడం మీ హక్కు. ఆ తప్పు చూపిస్తున్న సంస్థ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టి అవార్డు, నో డ్యూస్ లెటర్ జతచేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే, 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం ఆపై ప్రతి రోజుకూ రూ.100 పరిహారం మీకు రావాలి. అప్పటికీ కదలకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు తీసుకుని రికార్డు చెరిపేస్తామనే ఏజెంట్లను నమ్మకండి, సరైన సమాచారాన్ని ఎవరూ చెరపలేరు.

వదిలేసిన రూ.2.40 లక్షలు కూడా కట్టేస్తే ‘క్లోజ్డ్’ అని మారుస్తారా అని చాలామంది అడుగుతారు. కొన్ని బ్యాంకులు మారుస్తాయి. మారుస్తామని ముందుగా రాతపూర్వకంగా ఇస్తేనే ఆలోచించండి. మారినా పాత ఆలస్యాల చరిత్ర వెంటనే పోదు. నన్నడిగితే, ఆ డబ్బు డౌన్ పేమెంట్‌కు కలపడమే మేలు. రూ.30 లక్షలు దాటి రూ.75 లక్షల వరకు ఉండే హోమ్ లోన్‌లో ఆస్తి విలువకు 80 శాతం మించి ఎలాగూ ఇవ్వరు. మీ వాటా 35 శాతమో 40 శాతమో ఉంటే మేనేజర్ మీ ఫైలు చూసే తీరే మారుతుంది. మీ భార్యకు సొంత ఆదాయం, మంచి రికార్డు ఉంటే ఆమె పేరు మీదే ఫ్లాట్, లోన్ తీసుకోవడం ఇంకో దారి. ఫ్లాట్‌లో మీ పేరు కూడా ఉంటే మాత్రం సాధారణంగా లోన్‌లోనూ మిమ్మల్ని చేర్చమంటారు, అప్పుడు మీ రిపోర్టూ చూస్తారు.

ఏడాది తర్వాత అప్లై చేసేటప్పుడు సెటిల్‌మెంట్ సంగతి దాచకండి. ఉద్యోగం పోయిన తేదీ చూపే లెటర్, అవార్డు, నో డ్యూస్ సర్టిఫికెట్, కొత్త ఉద్యోగం పే స్లిప్పులు ఒకే ఫైల్‌లో పెట్టి, జరిగిందంతా ఒక పేజీలో రాసి మీరే ముందు ఇవ్వండి.