తాత రైఫిల్‌కు తూటాలు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ బాపు పెద్దకర్మ నాడు నీవు నన్ను వాకిట్లో ఆపి, "పెద్దబాపూ, తాత రైఫిల్‌కు తూటాలు ఎక్కడ దొరుకుతాయి, దొరకకుంటే పాత ఖాళీ డొల్లల్లో మందు నింపించుకోవచ్చా" అని అడిగినావు. బంధువుల నడుమ నిలబడి చెప్పదగిన విషయం కాదు కనుక ఇంటికి వచ్చి తీరికగా రాస్తున్నాను.

తూటాల సంగతికి ముందు తుపాకి సంగతి చూడాలి. లైసెన్సు మీ బాపు పేరున ఉండేది, ఆయనతోనే అది ముగిసింది. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షను ప్రకారం రైఫిల్‌నూ, దానితోపాటు బీరువా అడుగున ఉన్న తూటాలనూ ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు ఉన్న తుపాకుల వ్యాపారి వద్ద గాని అప్పగించి రసీదు తీసుకోవాలి. ఆ తరువాత 2016 ఆయుధాల నియమాల ప్రకారం వారసుడిగా కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీ అమ్మా, చెల్లెలూ తమకు అభ్యంతరం లేదని రాసి ఇవ్వవలసి ఉంటుంది. 2019 సవరణ తరువాత వారసత్వంగా వచ్చినవైనా సరే ఒక్కరి వద్ద రెండుకు మించి తుపాకులు ఉండరాదు. నీకు వేరే లేవు కనుక ఆ చిక్కు రాదు.

ఇక అసలు విషయం. ఆ జంట గొట్టాల రైఫిల్ 1949లో జాగీర్లు రద్దైన ఏడాది ఒక జాగీర్దారు ద్వారా మీ తాతకు వచ్చింది. గొట్టాల మీద "500 ఎక్స్‌ప్రెస్" అని మాత్రమే చెక్కి ఉంటుంది. నాకు భయమంతా ఆ రెండు మాటలతోనే. 500 అనేది గొట్టం కొలత, అంటే అర అంగుళం. ఎక్స్‌ప్రెస్ అన్నది రెండు కాలాలకూ వాడిన పేరు. పాత ఇంగ్లిషు రైఫిళ్లలో నల్లమందుతో, అంటే పొగ ఎక్కువగా వచ్చే పాతకాలపు తుపాకి మందుతో, కాల్చేవి కొన్ని, 1889లో కార్డైటు అనే పొగరాని మందు వచ్చిన తరువాత దానికోసం చేసినవి కొన్ని. మూడంగుళాల డొల్ల రెండింటికీ ఒక్కటే కనుక, ఒకదాని తూటా రెండవదానిలో ఏ అడ్డూ లేకుండా జారి కూర్చుంటుంది. నల్లమందు కాలితే సగానికి పైగా పొగగా, మసిగా మిగులుతుంది. కార్డైటు దాదాపు మొత్తం వాయువుగా మారుతుంది. ఆ ఒత్తిడిని నల్లమందు కోసం చేసిన గొట్టం ఆపలేదు. ఈ రెండింటి నడుమ మూడవ రకం కూడా ఉండేది: నల్లమందు రైఫిళ్ల కోసమే కార్డైటును తక్కువ మోతాదులో నింపిన తూటాలు. పైకి మూడూ అన్నదమ్ముల్లా ఉంటాయి. తూటా పట్టింది కదా, పేలుతుంది కదా అని ఎవరైనా అంటే ఆ మాట వినకు.

కనుక ముందు ఆ రైఫిల్ ఏ కాలపుదో తేల్చాలి. లైసెన్సు ఉన్న తుపాకుల మరమ్మతుదారు గొట్టాలను విప్పి అడుగున ఉన్న పరీక్ష ముద్రలు చదువుతాడు. లండన్‌లో గాని బర్మింగ్‌హామ్‌లో గాని పరీక్షించినప్పుడు కొట్టిన ముద్రలవి. నైట్రో ముద్ర, అంటే కార్డైటు వంటి పొగరాని మందుకు పరీక్షించిన గుర్తు, లేకుంటే దానిని నల్లమందు రైఫిల్‌గానే ఎంచాలి. తూటా కూర్చునే గది కొలతకు సెర్రోసేఫ్ అనే మిశ్రలోహాన్ని వాడుతారు. అది 90 డిగ్రీల లోపే కరుగుతుంది. గదిలో పోసి గడ్డకట్టగానే తీస్తే మొదట కొంచెం కుంచించుకుని, గంట గడిచేసరికి గది అసలు కొలతకు వస్తుంది, అప్పుడు కొలుస్తారు. ఇది నీవు ఇంట్లో చేసే పని కాదు గాని, చేసేవాడిని ఏమి అడగాలో నీకు తెలిసి ఉండాలి.

ఖాళీ డొల్లల్లో మందు నింపించే ఆలోచన పూర్తిగా మానుకో. అదే ఆయుధాల చట్టం 5వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం, శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా ఉంటుంది. చట్టాన్ని పక్కన పెట్టినా ఆ డొల్లలు పనికిరావు. తూటా అడుగున ఉండి మందును అంటించే ప్రైమర్ టోపీలలో పూర్వం పాదరసం కలిపేవారు, ఒకసారి పేలితే అది ఇత్తడికి పట్టి దానిని పెళుసు చేస్తుంది. మూతి దగ్గర గోటితో రాసి చూడు, చిలుము కింద వెంట్రుక వాసి పగులు తగులుతుంది.

పేలని పాత తూటాలు అంతకన్నా ప్రమాదకరం. నాకు ఇరవై రెండేళ్ల వయసులో, మా దేవరకొండ చేను గట్టున మా బాపు పక్కన ఉండగా అదే రైఫిల్‌తో ఒక పాత తూటా కాల్చినాను. టక్కుమని చప్పుడైంది, ఏమీ కాలేదు. నేను వెంటనే తూటా తీయడానికి గొట్టం మడవబోతే మా బాపు నా మణికట్టు గట్టిగా పట్టి, మూతిని ఎదురుగా ఉన్న మట్టి దిబ్బ మీదికి తిప్పి పట్టినాడు. రెండు శ్వాసలు తీసినానో లేదో అది ధన్‌మని పేలింది. గొట్టం మడిచి ఉంటే ఆ డొల్ల వెనక్కి, నా ముఖం మీదికి వచ్చేది. తూటా పేలకుంటే మూతి భద్రమైన దిక్కుకే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగాలని నాకు ఆనాడే తెలిసింది.

మరి తూటాలు దొరుకుతాయా అంటే, మన దేశంలో పన్నెండు బోరు, .315, .22 రకాలు వ్యాపారుల వద్ద దొరుకుతాయి. మన రైఫిల్ రకం ఇక్కడ తయారు కాదు. ఇంగ్లండులో కైనోక్ పేరుతో ఇప్పటికీ పాత కొలతల తూటాలు చేస్తున్నారు. అవి కావాలంటే లైసెన్సు ఉన్న వ్యాపారి ద్వారా, దిగుమతి అనుమతితో రావాలి. ఖర్చు ఎక్కువ, కాలమూ ఎక్కువ. కొనవలసి వస్తే పెట్టె మీది అక్షరాలను లైసెన్సుతోనూ, గొట్టం ముద్రలతోనూ పోల్చి చూడకుండా ఒక్క తూటా తీసుకోవద్దు. వేట అన్నది 1972 వన్యప్రాణి చట్టంతో కట్టడిలోకి వచ్చి, 1991 సవరణతో ముగిసిపోయింది, కనుక అమ్రాబాద్ అడవుల మాట మనసులోకి రానీయకు. దొరకకుంటే రైఫిల్ నూనె రాసి మౌనంగా ఉంటుంది, అందులో చిన్నతనం ఏమీ లేదు.

మీ తాత కొన్న మొదటి తూటాల పెట్టె మూత మీది కాగితం నా ట్రంకు పెట్టెలో ఉంది. అంచులు చెదలు తిన్నాయి గాని, అందులో ఏ మందు, ఎంత బరువు గుండు అన్న వరస చదవవచ్చు. నీవు స్టేషనులో అప్పగించే రోజు ముందుగా తెలియజేస్తే ఆ కాగితం తీసుకుని దేవరకొండ నుంచి మొదటి బస్సులో వస్తాను.

మీ పెద్దబాపు