వెల్డింగ్‌లో ఎంటెక్ చేరబోతున్న మేనకోడలికి

రాజోలు

బుజ్జమ్మకి మావయ్య ఆశీస్సులు.

తిరుచ్చి ఎన్ఐటీలో వెల్డింగ్ ఇంజినీరింగ్ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే ప్రాణం లేచొచ్చింది. ఆ వెనకే నీ మెసేజ్ చూశాను. "ఎంటెక్ చదివి వెల్డింగ్ చేస్తుందా పిల్ల?" అని చుట్టాలు అంటున్నారనీ, తర్వాతి కౌన్సెలింగ్ రౌండ్‌లో మెషిన్ డిజైన్‌కి మారిపోనా అనీ అడిగావు. మారొద్దు. ఎందుకు వద్దంటున్నానో రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

వెల్డర్ చేతిలో ఉండేది నైపుణ్యం. దానికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. ఇంజినీరు పని వేరు. ఏ రాడ్ (కరిగి అతుకులో కలిసే కడ్డీ) వాడాలి, ఎంత కరెంటు పెట్టాలి, ప్లేటుని ముందుగా ఎంత వేడి చెయ్యాలి, అయ్యాక ఎలా చల్లారనివ్వాలి అన్నది కాగితం మీద రాసి, టెస్ట్ పీసు మీద రుజువు చేసి, కింద సంతకం పెట్టేది నువ్వు. అతుకు లోపల ఏం జరుగుతుందో పైనుంచి చూస్తే ఎవరికీ కనపడదు. చదువు అక్కరకొచ్చేది అక్కడే.

మన వైపు వానాకాలంలో గాలి ఎలా ఉంటుందో నీకు తెలుసు. 7018 అనే రకం రాడ్ల ప్యాకెట్ విప్పి షెడ్‌లో వదిలేస్తే, మూత తీసిన డబ్బాలో అప్పడంలా వాటి పూత తేమ పీల్చేస్తుంది. చూస్తే ఏ తేడా తెలియదు. ఆ రాడ్‌తో వెల్డింగ్ చేస్తే, ఆర్క్ (రాడ్‌కీ ప్లేటుకీ మధ్య మెరిసే కరెంటు మంట) వేడికి తేమలోని హైడ్రోజన్ విడిపోయి కరిగిన ఉక్కులోకి దూరుతుంది. అతుకు పక్కన వేడి తగిలిన భాగం గబగబా చల్లారితే గట్టిపడి పెళుసవుతుంది. చల్లారే లోహం ముడుచుకుంటుంది కాబట్టి లాగుడు ఉండనే ఉంటుంది. ఈ మూడూ కలిశాయా, పగులు వస్తుంది. అది కూడా వెంటనే రాదు. సాయంత్రం బాగుందన్న అతుకు మర్నాటికో ఆ తర్వాతో లోపల విచ్చుకోవచ్చు. అందుకే బలమైన, మందపాటి ఉక్కుకి చాలాచోట్ల 48 గంటలు ఆగి అల్ట్రాసోనిక్ పరీక్ష చేస్తారు. రాడ్లని 300 డిగ్రీల పైన ఓవెన్‌లో బేక్ చేసి, వేడి డబ్బాలోంచి ఒక్కొక్కటే తీయమనేది కూడా ఇందుకే. ఒక సైటులో ఓవెన్ నిండా అన్నం క్యారేజీలు, రాడ్లేమో బయట గోనెపట్టా మీద ఉండటం నేను కళ్లారా చూశాను. అలాంటి చోట పని ఆపించగల మనిషి ఇంజినీరే. ఆపడానికి ధైర్యం ఒక్కటే చాలదమ్మా, కారణం చెప్పగలగాలి.

మెకానికల్ నుంచి వెళ్తున్నావు కాబట్టి మొదటి సెమిస్టర్‌లో మెటలర్జీ, అంటే లోహాల శాస్త్రం, నిన్ను కంగారు పెడుతుంది. టెన్షన్ పడకు, కానీ తేలిగ్గానూ తీసుకోకు. ఏ వేడి దగ్గర ఉక్కు ఏ రూపంలో ఉంటుందో చూపే ఐరన్–కార్బన్ డయాగ్రమ్ చూడకుండా గీయగలిగేదాకా గీయి. ఉక్కు వెల్డింగ్‌లో ఎంత తేలిగ్గా గట్టిపడుతుందో చెప్పే కార్బన్ ఈక్వివలెంట్ లెక్క నోటికి రావాలి. కార్బన్ శాతానికి మాంగనీసులో ఆరో వంతు, క్రోమియం, మాలిబ్డినం, వెనేడియం మొత్తంలో ఐదో వంతు, నికెల్, రాగి మొత్తంలో పదిహేనో వంతు కలపాలి. అది 0.4 దాటుతోందంటే ప్రీహీట్, అంటే ప్లేటుని ముందుగా వేడి చెయ్యడం గురించి ఆలోచించాల్సిందే. పుస్తకంలో లెక్కలతో సరిపెట్టుకోకు. ప్లేటులో ఏ మూలకం ఎంతుందో రాసి దానితో పాటు వచ్చే మిల్ సర్టిఫికెట్లు సంపాదించి వాటి మీద చెయ్యి.

తుప్పు పాఠాన్ని మార్కుల కోసం చదవకు. మనకి దగ్గర్లోని నగరం అనే ఊళ్లో 2014 జూన్ 27 తెల్లవారుజామున పైప్‌లైన్ గ్యాస్ బయటికొచ్చి అంటుకుంటే ఇరవై మందికి పైగా పోయారు. గ్యాస్‌తో పాటు పారిన నీరు పైపుని లోపల్నుంచి తినేసింది. అది జరిగిన గడ్డ మీద పుట్టినదానివి, ఆ పాఠం నీకు వేరేగా వినపడాలి.

ప్రాజెక్టు కూడా ఇటువైపుదే ఎంచుకోమంటాను. నర్సాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య గోదావరి దాటించే పంటు పడవలు చూశావుగా. ఉప్పు తగిలే నీళ్లలో అడుగు ప్లేట్ల అతుకుల పక్కన తుప్పు ఎలా పడుతుందో, ఏ రాడ్‌తో తగ్గుతుందో పరీక్షించి చూడొచ్చు. మీ గైడుని అడుగు.

డబ్బు సంగతి మీ నాన్న బెంగపడుతున్నాడట. గేట్ స్కోరుతో చేరావు కాబట్టి నెలకి 12,400 స్టైపెండ్ వస్తుంది, చెప్పు. తిరుచ్చిలోనే బీహెచ్ఈఎల్ వాళ్ల వెల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ 1975 నుంచీ ఉంది. అక్కడ జరిగే పని చూసే వీలు దొరికితే వదులుకోకు. వీలుంటే చదువు అయ్యేలోగా ఎన్‌డీటీ (అతుకుని పాడుచెయ్యకుండా లోపలి లోపాలు పట్టే పరీక్షలు) లెవెల్ 2 సర్టిఫికెట్ కూడా పూర్తిచెయ్యి. ఇంటర్వ్యూలో పనికొస్తుంది.

కాలేజీ తెరిచేలోపు మన మలికిపురం రోడ్డులో ఏదో ఒక వెల్డింగ్ షాపులో రోజూ పొద్దున పూట కూర్చో. హోల్డర్ పట్టుకో, నీ అతుకుని నువ్వే కోసి, సానబట్టి లోపల చూడు. నూలు బట్టలే వేసుకో. షీల్డ్ లేకుండా ఆర్క్ వైపు ఒక్క క్షణం కూడా చూడకు, రాత్రంతా కళ్లు మండి నిద్ర పట్టదు. మేస్త్రీతో నేను మాట్లాడతాను, ఎవరేమన్నా పట్టించుకోకు.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రా. సిలబస్ ప్రింటు, నీ బీటెక్ మెటలర్జీ నోట్సు రెండూ తెచ్చుకో. మొదటి సెమిస్టర్ సబ్జెక్టులు ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ మావయ్య