లింకన్ పార్కులో లింకన్‌కి ఎదురుగా ఉన్న ఆవిడ ఎవరు?

వాషింగ్టన్ లింకన్ పార్కులో ఒక చేత కర్ర పట్టుకుని, రెండో చేత్తో ఇద్దరు పిల్లలకు ఏదో కాగితం అందిస్తున్నట్టున్న విగ్రహంలోని ఆవిడ ఎవరని అడిగారు. ఆవిడ మేరీ మెక్లాయిడ్ బెతూన్.

1875లో సౌత్ కరోలినాలో పుట్టారు. తల్లిదండ్రులు ఒకప్పుడు బానిసలు. 1904లో ఫ్లోరిడాలోని డేటోనాలో ఒకటిన్నర డాలరు చేతిలో పెట్టుకుని, ఐదుగురు ఆడపిల్లలతో బడి తెరిచారు. ఇప్పుడది బెతూన్-కుక్‌మన్ యూనివర్సిటీ. 1935లో నల్లజాతి మహిళల జాతీయ మండలి స్థాపించారు. విగ్రహానికి డబ్బు పోగుచేసింది కూడా ఆ మండలే. చేతికర్ర అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌ది. కాగితం ఆవిడ వీలునామా. అందులో ఆస్తిపాస్తులేం లేవు, "మీకు ప్రేమను వదిలి వెళ్తున్నాను" లాంటి మాటలే.

1974 జులై 10న, ఆవిడ 99వ పుట్టినరోజు నాడు ఆవిష్కరించారు. వాషింగ్టన్‌లో ప్రభుత్వ స్థలంలో ఒక నల్లజాతి వ్యక్తికి, అందులోనూ ఒక మహిళకు, స్మారకం రావడం అదే మొదటిసారి.

నాకు నచ్చే సంగతి ఇంకోటుంది. అక్కడ 1876 నుంచే లింకన్ విగ్రహం ఉంది, మోకాళ్ల మీద ఉన్న బానిసతో. మనిషిని అలా చూపించడం మీద గొడవ ఇప్పటికీ నడుస్తోంది. బెతూన్ వచ్చాక లింకన్ వీపు ఆవిడ వైపు ఉండకూడదని ఆ విగ్రహాన్నే తిప్పి పెట్టారు!

2022లో అమెరికా పార్లమెంటు భవనంలో ఫ్లోరిడా తరఫున ఆవిడ పాలరాతి విగ్రహం పెట్టారు. అంతకుముందు ఫ్లోరిడా తరఫున అక్కడున్నది అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది పక్షపు జనరల్ విగ్రహం.