ఒకే కంప్యూటరులో రెండు సౌండ్ కార్డులు

ప్రశ్న: మా డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డుతో పాటు వచ్చిన సౌండ్ కార్డు ఉండగా, ఒక మైకు పట్టే యూఎస్‌బీ కార్డును కూడా రిచీ స్ట్రీట్‌లో కొన్నాను. ఆన్‌లైన్‌లో సంగీతం చెప్పేటప్పుడు శిష్యుల గొంతు హెడ్‌ఫోన్‌లోనూ, తంబురా శ్రుతి స్పీకర్లలోనూ రావాలి. ఇప్పుడు రెండూ ఒకేచోట వస్తున్నాయి. మొన్న నా పాటను ఒక కార్డులో, మా అమ్మాయి వయొలిన్‌ను రెండో కార్డులో 40 నిమిషాల పాటు రికార్డు చేసి కలిపితే, మొదట బాగానే ఉన్నా చివరికి నా గొంతు రెండుసార్లు వినిపిస్తోంది. ఈ కార్డులు ఒకదానికొకటి పడవా?
– ఒక పాఠకురాలు, మైలాపూర్, చెన్నై

జవాబు: రెండు కార్డులు ఒకే కంప్యూటరులో నిక్షేపంగా పనిచేస్తాయి. మీ మొదటి కోరిక తేలికగానే తీరుతుంది. విండోస్ 11లో సౌండ్ సెట్టింగుల్లోని వాల్యూమ్ మిక్సర్ తెరిస్తే, ఆ సమయంలో శబ్దం వినిపిస్తున్న ప్రోగ్రాములు కనిపిస్తాయి. ఏ ప్రోగ్రాము శబ్దం ఏ కార్డుకు వెళ్లాలో అక్కడే ఎంచుకోవచ్చు. తంబురాను మదర్‌బోర్డు కార్డుకు, పాఠం చెప్పే ప్రోగ్రామును యూఎస్‌బీ కార్డుకు అప్పగించండి. పాఠం చెప్పే ప్రోగ్రాము సొంత సెట్టింగుల్లో కూడా మైకు, హెడ్‌ఫోన్ రెండింటికీ యూఎస్‌బీ కార్డునే ఎంచుకోవడం మరవకండి.

రెండో సమస్యకు మూలం వేరు. ప్రతి సౌండ్ కార్డూ తన లోపలి స్ఫటిక గడియారం చెప్పినట్టు నడుచుకుంటుంది. రెండింటినీ సెకనుకు 48,000 నమూనాలకే (అంటే శబ్దాన్ని సెకనుకు అన్నిసార్లు కొలిచేలా) అమర్చినా, ఒక కార్డు సెకను రెండో కార్డు సెకనుతో సరిగ్గా సమానం కాదు. ఆ గడియారాల మధ్య తేడా పది లక్షల్లో 50 వంతులే అనుకున్నా, 40 నిమిషాలు, అంటే 2,400 సెకన్లు గడిచేసరికి అది 0.12 సెకను అవుతుంది. ఇంత స్వల్పమైన తేడా శ్రుతిలో ఎవరి చెవికీ అందదు. కానీ ఇద్దరూ ఒకే గదిలో కూర్చున్నారు కనుక మీ గొంతు వయొలిన్ ముందున్న మైకులో కూడా పడుతుంది. ఆ రెండు గొంతులూ మొదట ఒకటిగానే వినిపించి, పాట సాగిన కొద్దీ విడిపోతూ, చివరికి ప్రతిధ్వనిలా తేలతాయి. మీ పాటలో గానీ అమ్మాయి వాయింపులో గానీ తప్పేమీ లేదు.

మాక్ కంప్యూటర్లలో రెండు కార్డులను ఒక్కటిగా కలిపి, ఈ తేడాను ఎప్పటికప్పుడు సరిదిద్దే ‘డ్రిఫ్ట్ కరెక్షన్’ ఏర్పాటు ఉంది. విండోస్‌లోనూ అదనపు ప్రోగ్రాములతో కొంత సాధించవచ్చు గానీ, కచేరీ వంటి సుదీర్ఘమైన రికార్డింగుకు నేను ఆ దారి సూచించను. రెండు మైకులు పట్టే ఒకే యూఎస్‌బీ కార్డు కొనండి. ఒకే గడియారం మీద నడిచే రెండు మైకుల మధ్య ఇలాంటి జారుడు ఉండదు. ఉన్న యూఎస్‌బీ కార్డు వృథా పోదు, పాఠాలకు అది చాలు.

చేసిన రికార్డింగును మాత్రం పారేయకండి, దాన్ని బాగుచేయవచ్చు. మీరు తొడ మీద తాళం వేసిన చప్పుడు రెండు మైకుల్లోనూ పడే ఉంటుంది. ఆడాసిటీ వంటి, రికార్డింగులను సరిదిద్దే ప్రోగ్రాములో రెండు ట్రాకులనూ ఒకదాని కింద ఒకటి పెట్టి, తెర మీద బాగా పెద్దవి చేసి, పాట మొదట్లోని ఒక దెబ్బ దగ్గర రెండింటినీ కలపండి. తర్వాత పాట చివర్లోని ఒక దెబ్బ దగ్గరికి వెళ్లి, ఒక ట్రాకు ఎంత వెనుకబడిందో కొలవండి. ఆ తేడాను రెండు దెబ్బల మధ్య కాలంతో భాగించి, వెనుకబడిన ట్రాకు వేగాన్ని అంత వంతు పెంచండి. పైన చెప్పిన లెక్క ప్రకారమైతే అది 0.005 శాతం. ఈ పని మొదలుపెట్టే ముందు అసలు ఫైళ్లకు నకళ్లు తీసి వేరేచోట భద్రపరచండి.